అన్నం మానేసినా బరువెందుకు ఆగిపోయింది?

ప్రశ్న: అక్కా, నాకు 44 ఏండ్లు. ప్రొద్దుటూరులో ఇంట్లోనే మిషన్ కుడతాను. ఎత్తు 158 సెంటీమీటర్లు, బరువు 74 కేజీలుండేది. షుగర్ వచ్చి మూడేండ్లయింది. గ్లిమిపిరైడ్, మెట్‌ఫార్మిన్ కలిసిన మాత్ర పొద్దున ఒకటి, రాత్రి ఒకటి వేసుకుంటాను. పిండి పదార్థాలు తగ్గిస్తే బరువు తగ్గుతారని మా పాప చెబితే నెల కిందట అన్నం పూర్తిగా మానేశాను. మొదటి వారం రాత్రిళ్లు మజ్జిగ, కీరదోస ముక్కలతోనే సరిపెట్టుకున్నాను. రెండున్నర కేజీలు తగ్గాను. కానీ రెండుసార్లు నడిరాత్రి ఒళ్లంతా చెమటలు పట్టి చేతులు వణికాయి. ఆకలికి తట్టుకోలేక రొట్టెలు మొదలుపెట్టాను. ఇప్పుడు పొద్దున మూడు చపాతీలు, మధ్యాహ్నం రెండు సంగటి ముద్దలు, రాత్రి మూడు జొన్న రొట్టెలు. రోజుకు నాలుగు టీలు. మూడు వారాలుగా బరువు అలాగే ఉంది. మలబద్ధకం కూడా మొదలైంది. అన్నం మానేసినా ఎందుకిలా?

జవాబు: చెల్లెమ్మా, బరువు సంగతి కాసేపు పక్కన పెడదాం. నడిరాత్రి చెమటలు, వణుకు అని రాశారే, ఆ వాక్యం చదివి నాకు చాలా టెన్షన్ పట్టుకుంది. అవి షుగర్ బాగా పడిపోయినప్పుడు వచ్చే లక్షణాలు.

గ్లిమిపిరైడ్ పని ఇన్సులిన్‌ను ఎక్కువగా విడుదల చేయించడం. మీరు రాత్రి రొట్టెలు తిన్నారా, కీరదోస ముక్కలు తిన్నారా అని అది చూడదు. తన పని తాను చేస్తుంది. తిండిలో పిండి తగ్గించి మాత్ర అంతే వేసుకుంటే షుగర్ 70 కిందికి జారుతుంది. నిద్రలో జారితే మరీ ప్రమాదం. మెట్‌ఫార్మిన్ ఒక్కటే అయితే ఈ భయం చాలా తక్కువ. ఇన్సులిన్ వేసుకునేవాళ్లకు మాత్రం మీలాగే ఉంటుంది. కాబట్టి ఏం తినాలనుకుంటున్నారో కాగితం మీద రాసుకుని, ఈ వారంలోనే మీ డాక్టర్ దగ్గరికి వెళ్లండి. ఆ రెండు రాత్రుల సంగతి ముందు చెప్పండి. తిండి మారేటప్పుడు మాత్ర మోతాదు కూడా సరిచేయాల్సి రావచ్చు. మీ అంతట మీరు మాత్ర మానేయొద్దు. ఈలోగా మళ్లీ వణుకు వస్తే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగండి, పావుగంట ఆగి షుగర్ చూసుకోండి. ఇంకా తక్కువే ఉంటే మళ్లీ అంతే తాగండి. ఈ సంగతి ఇంట్లోవాళ్లకూ చెప్పి ఉంచండి. మనిషి స్పృహలో లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

ఇది చదివే మిగతావాళ్లకు కూడా ఒక మాట. మీ మాత్ర పేరు చివర గ్లిఫ్లోజిన్ అని ఉంటే, ఉదాహరణకు డాపాగ్లిఫ్లోజిన్, డాక్టర్‌ను అడగకుండా పిండి పదార్థాలు ఒక్కసారిగా మానొద్దు. షుగర్ మామూలుగా కనిపిస్తున్నా రక్తంలో ఆమ్లం పెరిగిపోయే ప్రమాదం ఉంది.

ఇక బరువు. మొదటి వారం పోయిన రెండున్నర కేజీల్లో ఎక్కువ భాగం నీళ్లే. మన కాలేయంలో, కండరాల్లో దాదాపు అర కేజీ దాకా పిండి గ్లైకోజెన్ రూపంలో నిల్వ ఉంటుంది. దాని ప్రతి గ్రామును పట్టుకుని మూడు గ్రాముల దాకా నీళ్లుంటాయి. తిండి తగ్గేసరికి ఆ నిల్వ ఖర్చయి, నీళ్లూ వెళ్లిపోయాయి. కొవ్వు కరగడం అంత వేగంగా జరగదు.

తర్వాతి మూడు వారాల సంగతి లెక్క వేద్దాం. మూడు చపాతీలకు 100 గ్రాముల పిండి. సంగటి ముద్ద ఒక్కోదానికి రాగి పిండి, అందులో వేసే బియ్యం కలిపి 100 గ్రాములు అనుకుంటే రెండింటికి 200. జొన్న రొట్టెకు 50 చొప్పున మూడింటికి 150. అంతా కలిపితే 450 గ్రాములు. బియ్యం, రాగులు, జొన్నలు, గోధుమలు ఏవైనా 100 గ్రాములకు 320 నుంచి 360 కేలరీల మధ్యే ఉంటాయి. అంటే పప్పు, కూర, నూనె, టీ లెక్కలోకి రాకముందే 1,500 కేలరీలు అయిపోయాయి. కూర్చుని పనిచేసే ఆడమనిషికి రోజంతటికీ 1,650 దగ్గర సరిపోతుంది. మీరు అన్నం మానేశారు, నిజమే. కానీ పిండి మానలేదు, ఆ పిండి ముద్దగా, రొట్టెగా మారి కంచంలోకి వచ్చింది.

రాగి మంచిది కాదని నేను అనడం లేదు. 100 గ్రాముల రాగుల్లో 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది, పీచు బియ్యం కంటే ఎంతో ఎక్కువ. కానీ దాదాపు 70 గ్రాములు పిండి పదార్థమే. "మా జేజి సంగటి తిని సన్నగా ఉండేది" అని నాకు వారానికి ఒకరైనా చెబుతారు. మా జేజీ అంతే. జమ్మలమడుగు పక్కన మా పల్లెలో ఆమె కాలంలో వరికూడు పండక్కే. 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం వచ్చాకే మా ఇంట్లో రోజూ అన్నం వండారని అమ్మ చెబుతుంది. కానీ జేజి ఆ ముద్ద తిని చెనక్కాయ చేలో పొద్దుగూకేదాకా కలుపు తీసేది. ముద్ద అదే మిగిలింది, చేను పోయింది.

ఈ తప్పు నేను మా అమ్మ విషయంలోనే చేశాను. చదువు పూర్తయిన కొత్తలో ఆమెకు షుగర్ వస్తే "అన్నం బదులు సంగటి తిను" అని రాసిచ్చాను. ఆరు నెలలైనా తేడా లేదు. ఒకరోజు వంటింట్లో తక్కెడ పెట్టి, ఆమె ఎసట్లో పోసే బియ్యం, పిండి తూచాను. ఒక్క ముద్దకు 140 గ్రాములు. రోజుకు మూడు ముద్దలు తినేది. ఎంత అని నేను ఎప్పుడూ అడగలేదు. అది నా తప్పు. అప్పటినుంచి నా దగ్గరికి ఎవరు వచ్చినా ముందు ముద్ద సైజు చూపించమంటాను.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల ప్రకారం రోజు కేలరీల్లో తిండిగింజల (బియ్యం, రాగులు, జొన్నలు, గోధుమల) వాటా 45 శాతం దాటకూడదు. మీకది 220 గ్రాములు. బరువు తగ్గాలి కాబట్టి డాక్టర్ మాత్ర సరిచేశాక 150 దాకా రండి. మధ్యాహ్నం ఒక ముద్ద, రాత్రి ఒక రొట్టె. అన్నం మీద మనసైతే ముద్ద బదులు అన్నం తినండి, తప్పేం లేదు. పొద్దున చపాతీల బదులు రెండు పెసరట్లు, లేదా రెండు గుడ్లు, కూరగాయలు.

ఇప్పుడు కడుపు నిండేది ఎలా? మన పప్పు అన్నంలోకి కలపడానికి వీలుగా పలచగా చేస్తాం. మీరు చిక్కగా వండి, గిన్నెడు కంచంలో పెట్టుకుని, ముద్దను దానికి నంజుకోండి. గోంగూర, చుక్కకూర, బచ్చలి ఏదైనా పప్పులో సగానికి సగం వేయండి. అలసందలు, ఉలవలు ఉడికించి గుగ్గిళ్లు చేసుకోండి, ఉలవల్లో వందకు 22 గ్రాముల దాకా ప్రొటీన్ ఉంటుంది. పొట్లకాయ, బీరకాయ, గోరుచిక్కుడు కూరలు ఎంత తిన్నా పరవాలేదు, నూనె కొలుచుకుంటే చాలు. ఉర్లగడ్డ మాత్రం కూర కాదు, గింజల లెక్కలో వేసుకోండి. మీ మలబద్ధకం కూడా ఈ ఆకుకూరలు, గుగ్గిళ్లతో, మంచినీళ్లతో సర్దుకుంటుంది.

ఊరిబిండి, అదే చెనిగ్గింజల పచ్చడి గురించి మీరు అడగలేదు, కానీ ముద్ద ఉంటే అది ఉంటుందని నాకు తెలుసు. చెనిగ్గింజలు గుప్పెడు, అంటే 30 గ్రాములు, 170 కేలరీలు. రెండు చెంచాల ఊరిబిండి చాలు. నాలుగు టీల్లో రెండేసి చెంచాల చక్కెర వేసుకుంటుంటే అది ఇంకో 130. దాన్ని ముందు తీసేయండి.

నెలకు ఒకటిన్నర, రెండు కేజీలు తగ్గితే చాలా బాగున్నట్టే. నడుము కూడా టేపుతో కొలుచుకోండి, టేపు మీ మెడలోనే ఉంటుంది కదా. ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు దాటకూడదంటారు. బరువు కదలని వారాల్లో కూడా నడుము తగ్గుతుంటే మీరు సరిగ్గా వెళ్తున్నట్టే.

ప్రశ్న: మేడమ్, నాకు 27. అనంతపురంలో జిమ్‌కు వెళ్తాను. కీటో, అంటే పిండి దాదాపు మానేసి కొవ్వు ఎక్కువగా తినే డైట్, చేస్తే కొవ్వు ఎంత తిన్నా బరువు పెరగరని ఫ్రెండ్ అంటున్నాడు. నిజమేనా?

జవాబు: నిజం కాదు తమ్ముడూ. పిండి గ్రాముకు 4 కేలరీలు, కొవ్వు గ్రాముకు 9. కీటోలో ఆకలి తగ్గి చాలామంది తక్కువ తింటారు, అందుకే బరువు తగ్గుతారు. అమెరికాలో 609 మందితో ఏడాది పాటు చేసి 2018లో ప్రచురించిన ఒక అధ్యయనంలో కొందరికి కొవ్వు తగ్గించారు, కొందరికి పిండి తగ్గించారు. ఒక గుంపు సగటున 5.3 కేజీలు, ఇంకో గుంపు 6 కేజీలు తగ్గింది. చెప్పుకోదగ్గ తేడా లేదు. ఏది ఏడాది పాటు తినగలవో అది ఎంచుకో. ఉగ్గాని, బజ్జీ లేని ఏడాది నీ వల్ల అవుతుందో లేదో నువ్వే చెప్పాలి.

ప్రశ్న: వండి చల్లారబెట్టిన అన్నంలో పిండి తగ్గిపోతుందంటున్నారు. అయితే చద్దన్నం ఎంతైనా తినొచ్చా? (కర్నూలు నుంచి ఓ పాఠకుడు)

జవాబు: చల్లారాక కొంత పిండి అరగని రకంగా మారుతుంది, మాట నిజమే. కానీ ఆ కొంత చాలా తక్కువ. వేడన్నం ఎంత కొలుచుకుంటారో చద్దన్నమూ అంతే కొలుచుకోండి. కర్నూలు ఎండల్లో రాత్రి మిగిలిన అన్నం అలాగే గిన్నెలో బయట వదిలేస్తే చెడిపోతుంది. ఆవిరి పోగానే ఫ్రిజ్‌లో పెట్టి, పొద్దున మజ్జిగ, ఎర్రగడ్డతో తినండి.