హైవే ఎక్కితేనే వేడెక్కే మియాటా

ప్రశ్న: నాది 1992 మాజ్దా మియాటా, 1.6 లీటర్ల ఇంజిన్. ట్రాఫిక్‌లో ఎంతసేపు ఆగినా టెంపరేచర్ ముల్లు కదలదు. హైవే మీద 70 మైళ్ల వేగంలో మాత్రం పైకి పాకుతుంది. థర్మోస్టాట్ (రేడియేటర్‌కి నీళ్లు పోయే దారిని వేడిని బట్టి తెరిచే వాల్వు), వాటర్ పంపు మార్చాను. బానెట్ వెనక అంచును వాషర్లతో ఎత్తితే వేడి బయటికి పోతుందంటున్నారు. చేయొచ్చా?
– ఒక పాఠకుడు, డాలస్

జవాబు: వాషర్ల జోలికి పోకండి. బండి ఆగి ఉన్నప్పుడు ఆ సందులోంచి వేడి పోతుంది, నిజమే. కానీ వేగం మీద ముందు అద్దం మొదట్లో గాలి ఒత్తిడి ఎక్కువ. అక్కడ సందు ఇస్తే గాలి బయటికి పోవడం మాని లోపలికే వస్తుంది.

ఊళ్లో చల్లగా ఉందంటే ఫ్యాన్లు పనిచేస్తున్నట్టే. ముందు బండిని స్టాండ్ల మీదికి ఎత్తి (జాకీని నమ్మి కింద దూరొద్దు) రేడియేటర్ కింద ఉండాల్సిన ప్లాస్టిక్ అండర్‌ట్రే ఉందో లేదో చూడండి. ఆయిల్ మార్చేటప్పుడు విప్పి, మళ్లీ బిగించకుండా వదిలేసిన బండ్లు చాలా కనిపిస్తాయి. అది లేకపోతే రోడ్డు మీది గాలి కిందనుంచి ఇంజిన్ గదిలోకి ఎగదన్ని, రేడియేటర్ వెనక ఒత్తిడి పెంచుతుంది. ముందు నుంచి వచ్చే గాలి ఇక దాని గుండా పోదు. పాత ట్రే దొరక్కపోతే పల్చటి అల్యూమినియం రేకు కత్తిరించి, 6 మిల్లీమీటర్ల బోల్టులతో బిగించండి. తర్వాత బంపర్ నోటికీ రేడియేటర్‌కీ మధ్య పక్క సందులు, పై సందు నీరు పీల్చని ఫోమ్‌తో మూయండి. గాలికి దారి సులువుగా దొరికితే రేడియేటర్‌ని తప్పించుకునే పోతుంది.

ఫలితం కొలవాలంటే పారదర్శక గొట్టాన్ని యు ఆకారంలో వంచి రంగు నీళ్లు పోయండి. ఒక కొస రేడియేటర్ ముందు, ఇంకోటి వెనక పెట్టి, గాలి సూటిగా కొట్టకుండా రెండిటికీ స్పాంజి ముక్క తొడగండి. రెండు వైపుల నీటి ఎత్తులో తేడాయే రేడియేటర్ ముందూ వెనకల గాలి ఒత్తిడి తేడా. ఆ రీడింగు పక్క సీట్లో వాళ్లు చూడాలి. 60 మైళ్ల వేగంలో గాలి పూర్తిగా ఆగిన చోట కూడా తేడా దాదాపు 44 మిల్లీమీటర్ల నీటి మట్టమే, కాబట్టి 5 మిల్లీమీటర్లు పెరిగినా లాభమే.

ఇవన్నీ చేసినా ముల్లు పాకితే రేడియేటర్‌నే అనుమానించండి. పై ప్లాస్టిక్ ట్యాంకు నలుపు పోయి గోధుమ రంగుకు తిరిగిందంటే పగలడానికి సిద్ధమైనట్టే. మార్చాక మొత్తం సుమారు 6 లీటర్లు పడుతుంది: సగం కూలెంట్ (ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం), సగం డిస్టిల్డ్ వాటర్. బండి ముక్కు ఎత్తి, హీటర్ పూర్తిగా తెరిచి పోస్తే గాలి బుడగలు పోతాయి.

ప్రశ్న: అదే బండికి కోన్ ఫిల్టర్ (శంకు ఆకారపు ఎయిర్ ఫిల్టర్) వేశాక ఐడిల్ (బండి ఆగి ఉన్నప్పుడు ఇంజిన్ తిరిగే వేగం) ఎగుడుదిగుడుగా ఉంది. ఎయిర్‌ఫ్లో మీటర్ (ఇంజిన్‌లోకి పోయే గాలిని కొలిచేది) స్ప్రింగ్ సర్దాలా?

జవాబు: స్ప్రింగ్ ముట్టుకోవద్దు. ఆ మీటర్ నుంచి థ్రాటిల్ (ఇంజిన్‌లోకి గాలిని వదిలే కవాటం) దాకా ఉన్న రబ్బరు గొట్టం మడతలు వంచి చూడండి, బీటలు అక్కడే వస్తాయి. మీటర్ దాటాక దూరే గాలి లెక్కలోకి రాదు, పెట్రోలు తగ్గి మిశ్రమం పల్చబడుతుంది. ఇంకో మాట: కోన్‌కి అడ్డు రేకు లేకపోతే అది పీల్చేది రేడియేటర్ వదిలిన వేడి గాలినే. పాత ఎయిర్‌బాక్స్ (ఫిల్టర్ ఉండే పెట్టె) ఉంటే మళ్లీ బిగించేయండి.