షుగర్, చిగుళ్ల జబ్బు ఉన్నవారు నలభై దాటాక పళ్లకు క్లిప్పులు వేయించుకోవచ్చా?

వేయించుకోవచ్చు. వయసు అడ్డు కాదు. నెమ్మదిగా ఒత్తిడి పెడితే పన్నుకు ఒకవైపు ఎముక కరిగి, మరోవైపు కొత్తది పెరుగుతుంది. ఆ గుణం ఎముకకు జీవితాంతం ఉంటుంది.

అసలు చూడవలసింది చిగుళ్లను. తోముకునేటప్పుడు రక్తం వస్తున్నా, పళ్లు కదులుతున్నా ముందు దానికి వైద్యం జరగాలి. వాపున్న చిగుళ్లలో పన్నును జరిపితే ఎముక త్వరగా తరిగి, చివరికి పన్నే ఊడవచ్చు. షుగర్ అదుపులో లేకపోతే ఈ ముప్పు ఇంకా ఎక్కువ. హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల సగటు షుగర్‌ను చూపే రక్తపరీక్ష) 7 శాతం దరిదాపుల్లోకి వచ్చేదాకా ఆగమనే నా సలహా. కొన్ని నెలలు ఆలస్యమైతే పోయేదేమీ లేదు.

పారదర్శక అలైనర్లను, అంటే పళ్లను జరిపే ప్లాస్టిక్ తొడుగులను, తీసి శుభ్రంగా తోముకోవచ్చు కనుక, మీలాంటివారికి నేను వాటివైపే మొగ్గుతాను. అయితే రోజుకు 20 నుంచి 22 గంటలు పెట్టుకోవాలి. పళ్లు బాగా మెలితిరిగి ఉంటే మాత్రం మామూలు క్లిప్పులే నయం.

ఎముకలు గుల్లబారకుండా అలెండ్రోనేట్, జోలెడ్రోనిక్ యాసిడ్ వంటి మందులు వాడుతున్నా, గతంలో వాడి మానేసినా డాక్టరుకు తప్పక చెప్పండి. వాటి ప్రభావం ఎముకలో ఏళ్ల తరబడి నిలుస్తుంది. పళ్లు మందకొడిగా కదులుతాయి. చోటు కోసం పన్ను తీయిస్తే అక్కడ దవడ ఎముక మానకపోయే ప్రమాదం ఉంది.

ఆర్థోడాంటిక్స్‌లో (పళ్ల వరుస సరిచేసే విభాగం) ఎండీఎస్ (దంతవైద్యంలో పీజీ) చేసినవారినే ఎంచుకోండి. చిగుళ్ల జబ్బు వచ్చినవారికి రిటైనర్ (సరిచేసిన పళ్లు మళ్లీ జరగకుండా పట్టి ఉంచే సాధనం) దాదాపు జీవితాంతం అవసరం. ఆ ఖర్చూ ముందే అడగండి.