దక్షిణాదిన ఇంగ్లీషు టీచర్ల సంఘాలు ఎలా పుట్టాయి, జిల్లాల్లో ఎందుకు మూలపడతాయి?

మీరు అడిగినవి రెండు ప్రశ్నలు. దక్షిణాదిన ఇంగ్లీషు టీచర్ల సంఘాలు ఎప్పుడు, ఎవరి చొరవతో పుట్టాయనేది ఒకటి. జిల్లాల్లో పెట్టినవి నాలుగేళ్లు తిరక్కుండానే ఎందుకు మూలపడతాయి, మీరు కొత్తగా పెడితే ఏం చూసుకోవాలి అనేది రెండోది. నేను జిల్లా పరిషత్ హైస్కూళ్లలో ఇంగ్లీషు స్కూల్ అసిస్టెంటుగా పనిచేసి రిటైరయ్యాను. మా జిల్లా కేంద్రంలో ఒక చిన్న సంఘం ఉండేది, దానికి చాలాకాలం ట్రెజరర్‌ని. మొదటి ప్రశ్నకు చదివి, పెద్దవాళ్లను అడిగి తెలుసుకున్నది చెబుతాను. రెండోదానికి కళ్లారా చూసింది చెబుతాను.

చరిత్ర చెప్పేవాళ్లంతా 1974తో మొదలుపెడతారు. ఆ ఏడాది ఆగస్టు 7న మద్రాసులో ఇంగ్లీష్ లాంగ్వేజ్ టీచర్స్ అసోసియేషన్ ఆఫ్ ఇండియా రిజిస్టరయింది. పద్మశ్రీ ఎస్. నటరాజన్ అనే విద్యావేత్త దాన్ని స్థాపించారు. మేమంతా ఎల్టాయ్ అంటాం. పేరులో ఇండియా ఉన్నా దాని వేళ్లు మద్రాసులోనే ఉన్నాయి, ఆఫీసూ చెన్నైలోనే. తేదీ వరకూ సరే. కానీ అలాంటి సంఘం కావాలని టీచర్లకు ఎందుకు అనిపించిందో తెలియాలంటే ఇంకో ఇరవై ఏళ్లు వెనక్కి వెళ్లాలి.

స్వాతంత్ర్యం వచ్చాక బడులు పెరిగాయి, ఇంగ్లీషు పీరియడ్లు తగ్గాయి. ఇంగ్లీషు చెప్పే టీచర్లు ఒక్కసారిగా వేలమంది కావాల్సొచ్చారు. వాళ్లలో చాలామంది తామే ఇంగ్లీషులో ధైర్యంగా నాలుగు ముక్కలు మాట్లాడి ఎరగరు. అప్పటిదాకా అందరికీ తెలిసిన పద్ధతి ఒకటే. పాఠం చదవడం, తెలుగులోనో తమిళంలోనో అర్థం చెప్పడం, గ్రామర్ సూత్రాలు బట్టీ పట్టించడం. 1950ల మొదట్లో మద్రాసు రాష్ట్రం దాన్ని పక్కనపెట్టి స్ట్రక్చరల్ సిలబస్ తెచ్చింది. వాక్య నమూనాలను తేలికవాటి నుంచి కష్టమైనవాటి దాకా వరుసగా పేర్చి, ఒకటి నోటికి అలవాటయ్యాకే రెండోది చెప్పాలన్నమాట. సిలబస్ మార్చినంత తేలిగ్గా టీచర్లు మారరు కదా. అందుకని ఆ దశాబ్దం చివర్లో మద్రాసులో పెద్ద శిక్షణ కార్యక్రమం మొదలైంది. దానికి మద్రాస్ స్నోబాల్ అని పేరు పడింది. పైన కొద్దిమందికి నేర్పితే వాళ్లు కిందివాళ్లకు, ఆ కిందివాళ్లు ఇంకా కిందివాళ్లకు నేర్పుకుంటూ పోవాలి. అలా ఇంగ్లీషు మొదలుపెట్టే పిల్లలకు చెప్పే 27,000 మంది టీచర్లకు మళ్లీ శిక్షణ ఇవ్వాలనుకున్నారు. అప్పటికి మనం విడిపోయి ఆంధ్రప్రదేశ్ అయ్యాం కాబట్టి ఆ లెక్కలో మన జిల్లాలు లేవు. కానీ ఆ గాలి ఇటూ వీచింది.

ఇలాంటి శిక్షణలో ఉన్న చిక్కు, సర్వీసులో ఉన్న ఏ టీచరును అడిగినా చెబుతారు. పైనుంచి కిందికి వచ్చేసరికి సరుకు పల్చబడుతుంది. కొన్నాళ్లు కూర్చోబెట్టి చెబుతారు, సర్టిఫికెట్ ఇస్తారు, బడికి పంపేస్తారు. మర్నాడు క్లాసులో సందేహం వస్తే అడగడానికి మనిషి ఉండడు. ఊళ్లో ఇంగ్లీషు టీచరు ఒక్కడే, పక్క ఊళ్లో ఇంకొకడు. ఈ సంఘాలు పుట్టడానికి అసలు కారణం ఆ ఒంటరితనమేనని నేను గట్టిగా నమ్ముతాను.

మన వైపు ఆ పని వేరే దారిలో జరిగింది. అలహాబాదులో 1950ల మధ్యలో ఇంగ్లీషు బోధనకు ఒక సంస్థ పెట్టారు. 1958లో హైదరాబాదులో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లీష్ వచ్చింది. దానికి ఫోర్డ్ ఫౌండేషన్, బ్రిటిష్ కౌన్సిల్ సాయం ఉండేది. తర్వాత జ్ఞానపీఠం అందుకున్న కన్నడ కవి వి.కె. గోకాక్ తొలినాళ్లలో దానికి డైరెక్టరు. 1963లో దక్షిణాది రాష్ట్రాల కోసం బెంగళూరులో రీజినల్ ఇన్‌స్టిట్యూట్ పెట్టారు. హైదరాబాదు సంస్థే 1972లో విదేశీ భాషల్నీ కలుపుకుని సీఫెల్ అయింది, 1973లో డీమ్డ్ యూనివర్సిటీ అయింది, 2007లో ఇఫ్లూ (ఇంగ్లీష్ అండ్ ఫారిన్ లాంగ్వేజెస్ యూనివర్సిటీ) పేరుతో సెంట్రల్ యూనివర్సిటీ అయింది. ఈ పేర్లన్నీ ఎందుకంటే, మా జిల్లాల్లో సంఘాలు పెట్టినవాళ్లలో ఎక్కువమంది హైదరాబాదులోనో బెంగళూరులోనో కోర్సు చేసి వచ్చినవాళ్లే. మా సంఘం పెట్టిన పెద్దాయన కూడా హైదరాబాదులో డిప్లొమా చేసినవారే, ట్రైనింగ్ కాలేజీలో లెక్చరరు. అక్కడ రోజూ పాఠాల గురించి వాదించుకునే అలవాటు పడి, ఇక్కడికొస్తే మాట్లాడే తోడు దొరక్క, పోస్టుకార్డులు రాసి మమ్మల్ని పోగేశారు.

బయట దేశాల్లోనూ ఇది అప్పుడప్పుడే మొదలైంది. అమెరికాలో టీసోల్ అనే ఇంగ్లీషు టీచర్ల సంఘం 1966లో పుట్టింది. ఇంగ్లండులో డబ్ల్యూ.ఆర్. లీ 1967లో పెట్టిన సంఘం 1971లో ఇంటర్నేషనల్ అన్న మాట చేర్చుకుని ఐయాటెఫెల్ అయింది. ఎల్టాయ్ తర్వాత దానితో అనుబంధం పెట్టుకుంది. వాళ్లకీ మనకీ తేడా మహా అయితే ఏడేనిమిదేళ్లే.

అన్నట్టు, అదే 1974లో మన దగ్గర యూటీఎఫ్ అనే టీచర్ల యూనియన్ కూడా ఏర్పడింది. ఇది కాకతాళీయమే, కానీ మా సంఘం కష్టాలన్నీ ఇందులోనే ఉన్నాయి. స్టాఫ్‌రూములో చందా పుస్తకం తీయగానే అడిగే మొదటి ప్రశ్న, "ఏం మాస్టారూ, ఇది ఏ యూనియన్?" యూనియన్ కాదు, ఇంగ్లీషు పాఠం ఎలా చెప్పాలో మాట్లాడుకుంటాం అంటే, "మరి డీఏ గురించి ఏమన్నా మాట్లాడతారా?" అనేవాళ్లు. తప్పుపట్టడానికి లేదు. పీఆర్సీ, బదిలీలు, ప్రమోషన్లు చూసుకునే యూనియన్‌కి చందా కట్టినవాడికి దాని ఫలం జీతంలో కనిపిస్తుంది. సబ్జెక్టు సంఘానికి కట్టిన చందా ఫలం క్లాసులో కనిపించాలి. అది కనిపించని రోజున ఎవరూ కట్టరు.

కనిపించిన రోజులు ఉన్నాయి. మేం రెండో శనివారం మధ్యాహ్నం ఒక ఎయిడెడ్ హైస్కూల్లో కలిసేవాళ్లం. అప్పట్లో బెంగళూరు ప్రాజెక్టు గురించి బాగా మాట్లాడుకునేవారు. మద్రాసు బ్రిటిష్ కౌన్సిల్లో పనిచేసిన ఎన్.ఎస్. ప్రభు 1979 నుంచి 1984 దాకా బెంగళూరు, మద్రాసు, కడలూరు లాంటి చోట్ల మామూలు బడుల్లో చేసిన ప్రయోగం అది. గ్రామర్ పాఠంగా చెప్పకుండా, పిల్లల ముందు ఒక పని పెడతారు. రైళ్ల టైంటేబుల్, మ్యాపు, గడియారం ఇచ్చి లెక్క తేల్చమంటారు. అర్థం మీద ధ్యాస పెట్టి తంటాలు పడుతుంటే భాష దానంతట అదే కుదురుకుంటుందని ఆయన వాదన. టాస్కులతో పాఠం అని ఇవాళ ప్రపంచమంతా చెప్పుకునేదానికి తొలి పెద్ద ప్రయోగాల్లో అదొకటి. అది మన పక్కనే, మన బడుల్లాంటి మామూలు బడుల్లోనే జరిగిందని మనవాళ్లలో చాలామందికి తెలియదు.

మా మీటింగులో ఒక మేడమ్ దాన్ని చేసి చూపించారు. ఆ బడి హాస్టల్ పిల్లల్ని, ఎనిమిదో తరగతి వాళ్లని, ముందు బెంచీల్లో కూర్చోబెట్టారు. వెనక మేమంతా. బోర్డు మీద మద్రాసు వెళ్లే మూడు రైళ్లు, బయల్దేరే టైము, చేరే టైము రాశారు. మీ మామయ్యకి రేపు పది గంటలకల్లా మద్రాసు హైకోర్టులో పని ఉంది, ఏ రైలెక్కాలి అని ఇంగ్లీషులోనే అడిగారు. కాసేపు గుసగుసలు. ఒక పిల్లాడు లేచి, "సెకండ్ ట్రైన్ నో యూజ్ మేడమ్, రీచింగ్ ఎలెవెన్ ఓ క్లాక్" అన్నాడు. ఆవిడ, "ఎస్, ఇట్ రీచెస్ అట్ ఎలెవెన్, సో నో యూజ్" అని తల ఊపి, థర్డ్ ట్రైన్ సంగతేంటని అడిగారు. ఈసారి వేరే పిల్ల, "ఇట్ రీచెస్ అట్ సిక్స్" అంది.

పిల్లలు వెళ్లగానే వెనకనుంచి గొడవ మొదలైంది. ఒక సీనియర్ లెక్చరరు గారు, "వాడు క్రియ లేకుండా మాట్లాడితే దిద్దలేదేంటమ్మా?" అన్నారు. "దిద్దాను సార్, వాడికి తెలియకుండా" అన్నారావిడ. ఇలా చెబితే పబ్లిక్ పరీక్షలో వాయిస్ మార్చమన్న ప్రశ్నకి ఏం రాస్తారని ఇంకొకరు. చీకటిపడి వాచ్‌మన్ తాళాలు ఊపేదాకా వాదించుకున్నాం. ఎవరూ ఎవరినీ ఒప్పించలేదు. కానీ తర్వాతి వారం నాకు తెలిసిన టీచర్లే కొందరు తమ ఊరి బస్సుల టైములు బోర్డు మీద రాసి క్లాసు నడిపారు. ఆ నెల చందా అడక్కుండానే వచ్చింది.

సంఘం అంటే అదీ. మరి ఎక్కడ దెబ్బ తగిలింది?

నా లెక్కలో పెద్ద దెబ్బ 2010లో తగిలింది. యూజీసీ ఆ ఏడాది తెచ్చిన రెగ్యులేషన్లలో కాలేజీ, యూనివర్సిటీ అధ్యాపకుల ప్రమోషన్లకు ఏపీఐ స్కోరు, అంటే చేసిన పనులకు పాయింట్లు లెక్కగట్టే పద్ధతి, పెట్టింది. సెమినార్లో పేపరు చదివితే పాయింట్లు. దాంతో టీచర్ల సదస్సులకు జనం ఒక్కసారిగా పెరిగారు, చర్చ తగ్గిపోయింది. నేను వెళ్లిన సదస్సుల్లో అంతకుముందు డెమో పాఠాలు, వర్క్‌షాపులు ఉండేవి. తర్వాత ఒకే టైములో నాలుగైదు గదుల్లో పేపర్లు, మనిషికి పది నిమిషాలు, చదివినవాడు సర్టిఫికెట్ తీసుకుని రైలుకి పరుగు. ఒక ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీలో జరిగిన సదస్సులో ఆఖరి సెషనుకి గదిలో చైర్‌పర్సన్, పేపరు చదివే ఆవిడ, నేను మిగిలాం. బయట సర్టిఫికెట్ల కౌంటర్ దగ్గర మాత్రం పెళ్లి భోజనాలంత క్యూ. లెక్చరర్లని అనడం లేదు, రూలు అలా ఉంటే వాళ్లేం చేస్తారు. కానీ ఆ రద్దీలో హైస్కూలు టీచరు పక్కకి జరిగిపోయాడు. అతనికి పాయింట్లు అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ ఫీజు భారం, పైగా ఓడీ (డ్యూటీ మీద వెళ్లినట్టు అనుమతి) ఇవ్వరు. సెలవు పెట్టుకుని, సొంత డబ్బుతో వెళ్లి, పక్కవాడి పీహెచ్‌డీ అధ్యాయం ఎందుకు వినాలి? కరోనా టైములో వెబినార్లు వచ్చాక ఇది ఇంకా ముదిరింది, దాని గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు.

జిల్లా సంఘాలు మూలపడటానికి ఇంకో కారణం మరీ మామూలుది. అంతా ఒక్క మనిషి భుజాన ఉంటుంది. ఆయన ట్రాన్స్‌ఫరయినా, రిటైరయినా, కూతురి పెళ్లి పనుల్లో పడినా మీటింగు ఆగుతుంది. వరసగా రెండు నెలలు ఆగితే మూడో నెల ఎవరూ రారు. మాది అలాగే పోయింది. గొడవలతో కాదు, పెద్దాయన కొడుకు దగ్గరికి వెళ్లిపోయారు.

మీ విషయానికొస్తే, వెంటనే రిజిస్ట్రేషన్ జోలికి వెళ్లకండి. సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం 2001 ప్రకారం ఏడుగురు ఉంటే చాలు కానీ, తర్వాత ఏటా జనరల్ బాడీ, కార్యవర్గం జాబితా, లెక్కలు అన్నీ పద్ధతిగా నడపాలి. ముందు ఓ ఏడాది ఊరికే కలవండి. నిలబడితే అప్పుడు చూసుకోవచ్చు, లేదా ఎల్టాయ్‌కి చాప్టరుగా చేరొచ్చు. దానికి దేశమంతటా చాప్టర్లున్నాయి, సొంత పత్రిక ఉంది, ఏటా సదస్సు జరుగుతుంది. టీచర్ల చిన్న చిన్న బృందాలతో పనిచేసే ఐనెట్ అనే ఇంగ్లీషు టీచర్ల సంఘం కూడా ఉంది, హైస్కూలు వాళ్లకి అది నచ్చొచ్చు. చోటు మాత్రం కాలేజీలో కాకుండా బడిలో పెట్టుకోండి. కాలేజీలో పెడితే ముందు వరస కుర్చీలు ఎవరికో ముందే తేలిపోతుంది. ప్రతి మీటింగులో ఒక పాఠం జరగాలి, ఉపన్యాసం కాదు. కార్యదర్శి పదవి ఏటా మారాలి, ఎంత బాగా చేస్తున్నవారైనా సరే. ఇది చెబితే మా పెద్దాయనకి కోపం వచ్చేది.

మీ జిల్లాలో ఇంతకుముందు సంఘం ఉండేదేమో వెతుకుతానన్నారు కాబట్టి ఒక దారి చెబుతాను. ఇఫ్లూలోని రమేశ్ మోహన్ లైబ్రరీలోనూ, బెంగళూరు ఇన్‌స్టిట్యూట్ లైబ్రరీలోనూ ఇంగ్లీషు బోధన మీద పాత పత్రికలు చూడండి. జిల్లాలో ఎవరెవరు చురుగ్గా ఉన్నారో వ్యాసాల కింద పేర్లు చూస్తే తెలుస్తుంది. ఆ తర్వాత వాళ్ల ఇళ్లకి వెళ్లండి. అధ్యక్షుల దగ్గర ఫొటోలు, శాలువాలు దొరుకుతాయి. మీకు కావాల్సింది ట్రెజరర్. ఎవరు ఏ నెల వచ్చారో, హాలు ఎవరిచ్చారో, టీ ఖర్చెంతయిందో అంతా క్యాష్‌బుక్కులోనే ఉంటుంది. మాది నా బీరువాలో ఉంది, మీది మా జిల్లాయే అయితే మెసేజ్ పెట్టండి, పేజీలు ఫొటో తీసి పంపుతాను.