గ్రాఫ్ట్ అతికే కోణం మారిస్తే ధమనిలో రక్తప్రవాహం నిజంగా మారుతుందా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: బైపాస్ గ్రాఫ్ట్‌ను (ధమని మూసుకుపోయిన చోటు దాటించి రక్తాన్ని తీసుకెళ్లే గొట్టం) ధమని పక్కకు 30, 45, 60 డిగ్రీల్లో అతికించినట్టు మూడు కంప్యూటర్ మోడళ్లు చేశారు, మూడింట్లోనూ అవతలికి వెళ్లే రక్తం దాదాపు ఒకేలా వచ్చింది, మరి అతుకు డిజైన్ గురించి ఇంత చర్చ ఎందుకు, మోడల్‌లో తప్పుందా అని. తప్పు లేదండి. ఎంటెక్‌లో నేనూ సరిగ్గా ఇక్కడే ఆగిపోయాను, రెండు వారాలపాటు మెష్‌ను (లెక్క కోసం మోడల్‌ను చిన్న గడులుగా విడగొట్టే వల) అనుమానిస్తూ కూర్చున్నాను.

ఎంత రక్తం వెళ్లాలో ప్రధానంగా తేల్చేది అతుకు కాదు, దాని తర్వాత ఉండే సన్నని రక్తనాళాలు. నిరోధంలో ఎక్కువ భాగం అక్కడే ఉంటుంది, కాబట్టి కోణం పదిహేను డిగ్రీలు అటూ ఇటూ అయితే మొత్తం లెక్కలో కనిపించదు (కుట్టు బిగిసి నోరు సన్నబడితే మాత్రం కనిపిస్తుంది, ఎందుకంటే వ్యాసార్థం సగమైతే అంతే పొడవుకు నిరోధం 16 రెట్లు). ఇంకో మాట, ఇన్‌లెట్‌లో, అంటే రక్తం మోడల్‌లోకి వచ్చే చోట, ఫ్లోనే ఫిక్స్ చేసి, బయటికి వెళ్లే దారి కూడా ఒక్కటే పెట్టి ఉంటే అది మారే అవకాశమే లేదు. ముందు అది చూసుకోండి.

అతుకు ఆకారం మార్చేది రక్తం గోడను ఒరుసుకుంటూ పోయే తీరును. ఇది నాకు కంప్యూటర్ మీద కంటే ల్యాబ్‌లో బాగా అర్థమైంది. పారదర్శకమైన సిలికోన్ గొట్టాలతో అతుకు చేసి, చిక్కదనం రక్తానికి దగ్గరగా ఉండాలని నీళ్లలో సుమారు 40 శాతం గ్లిసరిన్ కలిపి, సన్నటి సూదితో రంగు వదిలేవాళ్లం. గ్రాఫ్ట్‌లోంచి వచ్చిన ధార నేరుగా ఎదురుగోడకు తగిలి చీలిపోయేది, ఎక్కువ భాగం ముందుకు, కొంచెం వెనక్కి, అంటే మూసుకుపోయిన వైపుకి. ఆ వెనక మూలలో, హీల్ అంటారే అక్కడ, రంగు ఎంతసేపటికీ కదలదు. గ్రాఫ్ట్ ముందు కొస, అంటే టో, దాటగానే గోడ పక్కన చిన్న సుడి. పంపును గుండెలా కొట్టుకునేట్టు మార్చాక, ధార తగిలే చోటు ప్రతి దెబ్బకీ ముందుకీ వెనక్కీ జరగడం కళ్లకు కనిపించింది. 60 డిగ్రీల మోడల్‌లో ఆ తాకిడీ సుడీ పెద్దవి, 30లో మెత్తగా జారిపోయేది.

రక్తనాళాల లోపలి పొర కణాలు ఈ ఒరిపిడిని పసిగడతాయి. ఆరోగ్యంగా ఉన్న ధమనిలో అది సుమారు 1 నుంచి 2 పాస్కల్స్ ఉంటుంది. 0.4 కంటే తగ్గి, పైగా దిశ అటూ ఇటూ మారుతూ ఉంటే గోడలోని కండర కణాలు లోపలికి పెరిగి, గోడ మందమవుతుంది. నీరు నెమ్మదించిన చోట కాలువలో మేట వేసినట్టు అనిపిస్తుంది గానీ, ఇక్కడ వచ్చి పేరుకునేదేమీ లేదు, గోడే పెరుగుతుంది. హీల్, టో, ఎదురుగోడ, కుట్టు వెంబడి, గ్రాఫ్టులు సన్నబడేది ఎక్కువగా ఈ చోట్లలోనే, నెలల తరబడి, ఏళ్ల తరబడి. కుట్టు దగ్గర గాయం, గ్రాఫ్ట్‌కీ ధమనికీ సాగే గుణంలో తేడా కూడా కారణాలే, అన్నీ ప్రవాహం మీదికి నెట్టలేం.

అలాగని 30 డిగ్రీలే మంచిదని రిపోర్టులో రాసేయకండి. 4 మిల్లీమీటర్ల గొట్టాన్ని 60 డిగ్రీల్లో ఏటవాలుగా కోస్తే నోరు 4.6 మిల్లీమీటర్ల పొడవు, 45కి 5.7, 30కి 8. ధమనిలో కోత కూడా అంత పొడవూ పెట్టాలి, అంతా కుట్టాలి. తర్వాతెప్పుడో మా నాన్నగారికి బైపాస్ అయినప్పుడు సర్జన్‌ను ఈ కోణం గురించే అడిగాను. ఆయన ఓపిగ్గా కాగితం మీద బొమ్మ గీసి చూపించారు: సిర కొసను నిలువుగా చీల్చి పాము పడగలా విప్పి కుడతారట, ఛాతీ మూశాక గ్రాఫ్ట్ ఎలా సర్దుకుంటే కోణం అదే అవుతుందట. నేను మోడల్‌లో వాడిన ఏటవాలు కోత గొట్టం ఆ బొమ్మలో ఎక్కడా లేదు. ఆ రోజు నిజంగా బాధేసింది, ఏడాది పనిలో ఈ ఒక్క ప్రశ్న ముందే అడిగి ఉండాల్సింది అని.

నా ఉద్దేశంలో కోణం కంటే వ్యాసాల తేడా మీద మీరు ఎక్కువ సమయం పెట్టాలి. 2 మిల్లీమీటర్ల ధమనికి 4 మిల్లీమీటర్ల సిర కలిపితే అదే ఫ్లోకి సిరలో వేగం నాలుగో వంతు, గోడ మీద ఒరిపిడి ఎనిమిదో వంతు. అంటే అతుకు దగ్గరే కాదు, గ్రాఫ్ట్ పొడవునా రక్తం మందకొడిగా నడుస్తుంది. ఛాతీ లోపలి ధమని గ్రాఫ్టులు పదేళ్లకు 90 శాతం పైగా తెరిచే ఉంటాయి, కాలి సిరలు దాదాపు సగం. దీనికి సైజు కుదరడం ఒక కారణం మాత్రమే, ఆ ధమని కణాల గుణమే వేరు.

రెండోది పోటీ ప్రవాహం. అసలు ధమని పూర్తిగా మూసుకోకుండా సగమే సన్నబడి ఉంటే అటునుంచీ రక్తం వస్తుంది, గ్రాఫ్ట్‌లో ఫ్లో పడిపోతుంది, కొన్ని క్షణాలు వెనక్కి కూడా పోతుంది. మీ మోడల్‌లో స్టెనోసిస్‌ను, అంటే అసలు ధమని సన్నబడటాన్ని, 50, 75, 100 శాతం పెట్టి చూడండి, మూడు కోణాల మధ్య రాని తేడా ఇక్కడ వస్తుంది.

కాలి బైపాస్‌లలో మోకాలి కిందికి పీటీఎఫ్ఈ అనే ప్లాస్టిక్ గొట్టం వేసేటప్పుడు అతుకు మధ్యలో చిన్న సిర ముక్కను కాలర్‌లా కుట్టే మిల్లర్ కఫ్, నోటిని వెడల్పు చేసే టేలర్ ప్యాచ్ లాంటివి ఉన్నాయి. కఫ్ లోపల పెద్ద సుడి తిరుగుతుంది, అయినా కొన్ని అధ్యయనాల్లో మోకాలి కింద ఫలితాలు మెరుగయ్యాయి, బహుశా ఆ సుడి గోడను కడుగుతూ ఉండటం వల్ల. సుడి కనిపించగానే చెడ్డదని రాసేయకూడదని నాకు అప్పుడే తెలిసింది.

ఫ్లో రేట్ టేబుల్ పక్కన పెట్టి, సగటు ఒరిపిడి 0.4 పాస్కల్స్ కంటే తక్కువున్న గోడ వైశాల్యం ఎంతో, ఓఎస్ఐ (ఒరిపిడి దిశ అటూ ఇటూ ఎంత మారుతోందో చెప్పే సూచిక) ఎక్కడ దాని గరిష్ఠమైన 0.5కి దగ్గరగా వస్తోందో మూడు మోడళ్లకూ గీయండి. గుండె గ్రాఫ్ట్ అయితే తరంగం, అంటే ఒక్కో గుండె దెబ్బలో ఫ్లో పెరిగి తగ్గే తీరు, కూడా మార్చాలి, ఎడమ కరోనరీలో రక్తం ఎక్కువగా గుండె సడలినప్పుడు పారుతుంది, అయోర్టా తరంగం పెడితే ఫలితాలు తారుమారవుతాయి. అవుట్‌లెట్‌లో, అంటే రక్తం బయటికి పోయే చోట, ఏ కండిషన్ పెట్టారో కింద రాయండి, సున్నా ప్రెషర్ అయితే ముందు దాన్ని సరిచేద్దాం.