రెండు సిజేరియన్ల తర్వాత నార్మల్: ముందు పాత నోట్స్ తెప్పించుకోండి

మూడో కాన్పు నార్మల్‌గా అవుతుందా అని అడగబోతే, రెండు సిజేరియన్లు అనగానే మీ డాక్టరు మిగతాది వినకుండానే మూడో ఆపరేషన్‌కు తేదీ రాసిచ్చారన్నారు కదండీ. నాకూ అదే జరిగింది.

ముందు పాత ఆసుపత్రి నుంచి ఆపరేషన్ నోట్స్ తెప్పించుకోండి. డిశ్చార్జి కాగితం చాలదు. చర్మం మీద గీత అడ్డంగా ఉన్నా, లోపల గర్భసంచి మీద కోత నిలువుగా ఉండొచ్చు. పైభాగంలో నిలువు కోత ఉంటే నార్మల్ ఆలోచన మానుకోవాల్సిందే. రెండూ కిందిభాగంలో అడ్డకోతలే అయి, వేరే ఇబ్బందులు లేకపోతే ప్రయత్నించొచ్చు. అలా ప్రయత్నించినవాళ్లలో సుమారు 70 శాతం మందికి నార్మల్ అవుతుంది. గర్భసంచి కుట్టు విడిపోయే ప్రమాదం 100లో ఒకరిద్దరికి. తక్కువే, కానీ వస్తే నిమిషాల్లో ఆపరేషన్ చేయాలి. అందుకే ఇంట్లో కాన్పు మాట తలపెట్టకండి.

కొత్త డాక్టరును "నార్మల్ చేస్తారా?" అని అడిగితే అందరూ "చూద్దాం" అంటారు. ఆ మాటను నమ్ముకుని నేను రెండు నెలలు పోగొట్టుకున్నా. ఇలా అడగండి: "రెండు సిజేరియన్లయినవాళ్లకు ఇంతకుముందు చేశారా? అర్ధరాత్రి నొప్పులొస్తే మత్తు డాక్టరు, థియేటరు, రక్తం సిద్ధంగా ఉంటాయా? కాన్పు తేదీ దాటినా నొప్పులు రాకపోతే ఏం చేస్తారు?" నొప్పులు తెప్పించే మందులతో కుట్టుకు ప్రమాదం పెరుగుతుంది, కాబట్టి ఆ చివరి జవాబు జాగ్రత్తగా వినండి.