టక్‌టక్‌మంటున్న డిస్క్‌లో పాటలు

ప్రశ్న: సీడీల నుంచి ఎక్కించుకున్న పాటలన్నీ ఒకే హార్డ్‌డిస్క్‌లో ఉన్నాయి. ఈమధ్య అది టక్‌టక్‌మంటోంది. టెన్షన్‌గా ఉంది. ఎంపీ3లను ఫ్లాక్ అనే ఫైలు రకంలోకి మారిస్తే క్వాలిటీ పెరుగుతుందా?

జవాబు: క్వాలిటీ సంగతి తర్వాత, ముందు డిస్క్ సంగతి చూడండి. ఆ చప్పుడు వస్తోందంటే దానికి రోజులు దగ్గరపడ్డట్టే. మాటిమాటికీ ఆన్ చేసి పాటలు వినకండి. మళ్లీ దొరకనివి, అంటే ఇంట్లోవాళ్లు పాడినవి, పాత క్యాసెట్ల నుంచి ఎక్కించినవి, మొదట వేరే డిస్క్‌లోకి కాపీ చేయండి. సినిమా పాటల సంగతి తర్వాత చూసుకోవచ్చు!

ఎంపీ3 తయారయ్యేటప్పుడే కొంత ధ్వని పోతుంది. ఫ్లాక్ ధ్వని ఏమీ పోకుండా కుదిస్తుంది, కానీ ఎంపీ3ని అందులోకి మార్చినా పోయింది తిరిగిరాదు, ఫైలు లావెక్కుతుందంతే. సీడీలు ఇంకా ఉంటే వాటినుంచే నేరుగా ఫ్లాక్ చేసుకోండి. గంట సీడీ 600 ఎంబీ పైచిలుకు ఉంటుంది, ఫ్లాక్‌లో సుమారు సగానికి తగ్గుతుంది. పైగా ఫ్లాక్ ఫైలులోనే ఎండీ5 అనే సరిచూపు సంఖ్య ఉంటుంది. ఫైలు పాడైందో లేదో దాన్నిబట్టి ప్రోగ్రామే చెప్పేస్తుంది. నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే.

ఫోన్‌తో సింక్ అవుతోంది కదా అని ధీమా వద్దు. ఇక్కడ పొరపాటున డిలీట్ చేస్తే అక్కడా పోవచ్చు. మొత్తం మూడు కాపీలు ఉంచుకోండి, అందులో ఒకటి వేరే ఇంట్లో.