జార్జి దిగాడు, నేతాజీ ఎక్కాడు

ప్రశ్న: ఢిల్లీలో ఇండియా గేట్ దగ్గర పెట్టిన నేతాజీ విగ్రహానికి రాయి మా జిల్లా నుంచే వెళ్లింది. అంతకుముందు అక్కడ ఇంగ్లిష్ రాజు విగ్రహం ఉండేదట. దాన్ని తీసింది దేశభక్తితోనా, రాజకీయం కోసమా?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: రెండూ కలిసే ఉంటాయండీ. ఏది ఎంతో తెలియాలంటే ముహూర్తం ఎప్పుడు పెట్టారో చూడాలి.

ఆ రాజు ఐదో జార్జి. స్వాతంత్ర్యం వచ్చాక కూడా ఇరవై ఏళ్లు అక్కడి ఛత్రి (గొడుగులాంటి రాతి మండపం) కింద దర్జాగా నిలబడ్డాడు. నెహ్రూ హయాం మొత్తం గడిచిపోయింది. 1965 ఆగస్టులో అప్పటి ప్రతిపక్షమైన సంయుక్త సోషలిస్టు పార్టీ వాళ్లు విగ్రహానికి తారు పూసి, ముక్కూ చెవీ పగలగొట్టి, అక్కడ నేతాజీ ఫొటో పెట్టి వెళ్లారు. వాళ్ల కోపం నిజమే, కానీ గురి జార్జి మీద కన్నా కాంగ్రెస్ మీదే ఎక్కువని నా అభిప్రాయం. 1967 ఎన్నికల్లో కాంగ్రెస్ చాలా రాష్ట్రాల్లో దెబ్బతింది. 1968లో జార్జిని ఊరి చివర, పాత దొరల విగ్రహాలు ఉంచే కారొనేషన్ పార్కుకు తరలించారు. ఇన్నాళ్లూ లేని తొందర అప్పుడే ఎందుకొచ్చిందో మీరే ఆలోచించండి. (ఆ పార్కులో ఇప్పటికీ కొన్ని దిమ్మెలు ఖాళీగానే ఉన్నాయి. ఇంకెవరి కోసమో!)

తీసేయడంతో పేచీ తీరలేదు. ఖాళీ అయిన చోట గాంధీని పెడదామన్నారు. తెల్లదొరల ఛత్రి కింద గాంధీ ఏమిటని కొందరు అడ్డుపడ్డారు. అలా నానబెట్టి నానబెట్టి యాభై ఏళ్లు దాటించారు.

ఇక 2022 జనవరి. రిపబ్లిక్ డే పరేడ్‌కు బెంగాల్ పంపుతామన్న నేతాజీ శకటాన్ని కేంద్రం ఒప్పుకోలేదు. మమతా బెనర్జీ మండిపడ్డారు. ఆ రగడ చల్లారకముందే, 21వ తేదీన, ఆ ఛత్రి కింద నేతాజీ విగ్రహం పెడతామని ప్రధాని ప్రకటించారు. 125వ జయంతి కాబట్టి సందర్భం ఉంది, కాదనను. బెంగాల్‌కు జవాబు చెప్పినట్టూ అయింది, నేతాజీని కాంగ్రెస్ పట్టించుకోలేదన్న పాత మాట మళ్లీ అన్నట్టూ అయింది. సెప్టెంబరు 8న విగ్రహం ఆవిష్కరించిన రోజే, ఇండియా గేట్ దగ్గరి రాజ్‌పథ్ రోడ్డు కర్తవ్యపథ్‌గా మారింది.

మీ ఊరి రాయి సంగతి చెప్పకపోతే ఎలా! 280 టన్నుల ఏకశిల, 140 చక్రాల లారీ మీద 1,665 కిలోమీటర్లు వెళ్లింది. చెక్కాక మిగిలింది 65 టన్నుల, 28 అడుగుల విగ్రహం. ఎవరి రాజకీయ లెక్కలు ఎలా ఉన్నా, ఆ రాయిని చూసి మీరు నిక్షేపంగా గర్వపడొచ్చు.